నిమ్మళం ఎవరు? హడావిడి ఎవరు?

బయట లారీ హారన్ మోగుతోంది. లోపల మేకల దొడ్డిలో, గడ్డి మధ్య గొంతుక్కూర్చుని, అరచేతిలోని రెండు పసుపుపచ్చ ట్యాగుల వంక చూస్తోంది కెమెరా.

కెమెరా అంటే ఫొటోలు తీసేది కాదు. ఐదో క్లాసు చదివే అమ్మాయి. ఒకసారి చూసిన ముఖాన్ని జన్మలో మర్చిపోదని నాయనమ్మ పెట్టిన పేరది. ముఖమే అక్కర్లేదు కూడా. ఒకసారి బస్సులో ముందు సీటాయన బట్టతల వెనక నుంచి చూసి, "నాయనమ్మా, ఈయన మన స్టవ్ బాగుచేసినాయన" అంది. ఆయన వెనక్కి తిరిగాడు. నిజంగా ఆయనే! ఆ రోజు నుంచి ఆ పిల్ల అసలు పేరు స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా వినపడలేదు.

"కెమెరా! ఏం చేస్తున్నావే లోపల? వెళ్లాల్సినవాటిని ఇటు తోలు!" బయటి నుంచి అమ్మ కేకేసింది.

"వస్తున్నానమ్మా!"

వస్తున్నానని అంది కానీ కదల్లేదు. ఎందుకంటే, చేతిలో ఉన్న ట్యాగులు ఆ సమయంలో ఉండాల్సింది చేతిలో కాదు. మేకల చెవులకు.

వాళ్ల ఇంట్లో మేకల పని అంతా అమ్మదే. నాన్న స్కూలు బస్సు నడుపుతాడు కాబట్టి పొద్దున పోయి చీకటి పడ్డాకే వస్తాడు. పుట్టిన ప్రతి మేకపిల్ల చెవికీ అమ్మ ఒక ట్యాగు వేయిస్తుంది. దాని మీద నంబరుంటుంది. స్కానర్ దగ్గర పెడితే 'బీప్' మంటుంది. ఆ మేక ఏ దొడ్డిలో పెరిగింది, దానికి ఏ జబ్బు చేసింది, ఏ మందు వేశారు, అన్నీ ఆ నంబరు కింద ఉంటాయి. దొడ్డి నుంచి మాంసం ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి కొట్టుకు, కొట్లో ప్యాకెట్ మీదకు కూడా ఆ నంబరే నడిచి వెళుతుంది.

మరి ఈ రెండూ ఎలా ఊడాయి? కెమెరా ట్యాగుల్ని తిప్పి చూసింది. కాడల దగ్గర పళ్ల గాట్లు. దొంగ ఎవరో వెంటనే తెలిసిపోయింది. అదుగో, మూల నిలబడి ఏమీ ఎరగనట్టు దవడలాడిస్తోంది కత్తెర.

కత్తెర దొడ్డిలో అందరికంటే పెద్ద మేక. చొక్కా దొరికితే చొక్కా, తాడు దొరికితే తాడు, దేన్నయినా కత్తిరించి పారేస్తుంది. నాయనమ్మ కళ్లజోడు తాడు కూడా ఒకసారి దాని కడుపులోకే పోయింది. ఇప్పుడు పక్కన పడుకున్న కవలల చెవుల మీద పడింది.

ఆ కవలలే నిమ్మళం, హడావిడి. రెండూ నలుపే. రెండింటికీ నుదుటి మీద తెల్ల మచ్చే. పేర్లు కెమెరా పెట్టింది. నిమ్మళం పిడుగు పడినా నెమరు వేయడం ఆపదు. హడావిడి కాలు ఒక్కచోట నిలవదు. అలా గంతులేస్తూనే వెనక కాలి గిట్టలో మేకు గుచ్చుకుంది. డాక్టరమ్మ వచ్చి మేకు తీసి, ఇంజెక్షన్లు చేసింది.

వెళ్లేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. "ఇది మనుషులకిచ్చే మందు లాంటిదే. కొంతమందికి అస్సలు పడదు. మేక ఒంట్లోంచి మందు పూర్తిగా పోయేదాకా దీని మాంసం ఎవరూ తినకూడదు. నలభై రెండో నంబరు ఈసారి లారీ ఎక్కకూడదు, గుర్తుంచుకోండి."

కాబట్టి లారీ ఎక్కాల్సింది నలభై ఒకటో నంబరు నిమ్మళం. ఇంట్లో ఉండాల్సింది నలభై రెండో నంబరు హడావిడి. నంబర్లు చూస్తే చేతిలో ఉన్నాయి. మేకలు చూస్తే ఎదురుగా ఉన్నాయి. రెండింటి చెవులకూ మిగిలింది చిన్న బెజ్జమే.

"ట్యాగు ఊడితే ముట్టుకోకు. వెంటనే నన్ను పిలువు" అని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

పిలిస్తే ఏమవుతుంది? అమ్మ పరుగెత్తుకొస్తుంది. ఏది ఏదో తేలేదాకా లారీని ఆపేస్తుంది. అందరూ కంగారు పడతారు. అంత అవసరమా? ఈ దొడ్డిలో ప్రతి మేక ముఖమూ తనకు కొట్టిన పిండి. ఆ మాత్రం గుర్తుపట్టలేకపోతే ఇక కెమెరా అని పేరెందుకు?

కెమెరా రెండింటి వంకా చూసింది. ఒకటి గోడవారగా పడుకుని హాయిగా నెమరు వేస్తోంది. ఇంకోటి దాణా బకెట్లో తల దూర్చి, బకెట్‌ను దొడ్డంతా తోసుకుంటూ తిరుగుతోంది.

"పడుకున్నది నిమ్మళం. బకెట్‌ది హడావిడి. దీనికి అమ్మెందుకు?" అనుకుంది.

మూట కట్టే పురికొస ముక్కలు రెండు తెచ్చింది. పడుకున్నదాని చెవి బెజ్జంలోంచి పురికొస దూర్చి నలభై ఒకటో ట్యాగు కట్టింది. బకెట్‌దానికి నలభై రెండు కట్టింది. ముళ్లు చెవుల వెనక్కి తోసేసింది. మేక చెవులు ఎలాగూ వేలాడుతుంటాయి కాబట్టి పైకేమీ కనపడలేదు. పని ఎంత నీటుగా కుదిరిందో చూసుకుని తనలో తనే మురిసిపోయింది.

లారీ మామయ్య లారీ వెనక పలక దించి, చేతిలో పొడుగాటి స్కానర్ పట్టుకుని నిలబడ్డాడు. వచ్చిన ప్రతిసారీ ఆయన వేసే జోకు ఒకటే.

"ఏం కెమెరా, నన్నొక ఫొటో తీయరాదూ?"

"నీ మీసం ఫొటోలో పట్టదు మామయ్యా!"

ఆ జవాబు కూడా ప్రతిసారీ అదే. అయినా ఇద్దరూ ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వుకుంటారు.

అమ్మ వెనక నుంచి తోలుతుంటే మేకలు ఒక్కొక్కటే పలక ఎక్కాయి. బీప్. బీప్. బీప్. కవల మేక వంతు వచ్చినప్పుడు కెమెరా ఊపిరి బిగబట్టింది. బీప్! ఏ గొడవా లేదు. మేకలు పెంచే ఇంట్లో పుట్టిన పిల్లే అయినా లారీ వచ్చిన రోజు కెమెరాకు కాస్త దిగులుగానే ఉంటుంది. ఆ మేక మెడ నిమిరి, "వెళ్లిరా నిమ్మళం" అంది. అది కెమెరా వేళ్లు నాకి పైకెక్కేసింది. పలక మూసుకుంది. లారీ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం అమ్మ గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, దూది, మందు సీసా తెచ్చి కెమెరాకిచ్చింది.

"హడావిడి గిట్ట కడిగి మందు రాయి. రోజూ తన్నినట్టే తంతుంది, జాగ్రత్త."

హడావిడి ఈ రోజు తన్నలేదు. కెమెరా వెనక కాలు పైకెత్తితే బుద్ధిగా నిలబడి నెమరు వేసుకుంటోంది. కెమెరా దూది తడిపి గిట్ట తుడిచింది. మట్టి పోయింది. మళ్లీ తుడిచింది. కిందికి వంగి చూసింది.

గిట్ట నున్నగా ఉంది. గాటు లేదు. మచ్చ లేదు. మేకు గుచ్చుకున్న జాడే లేదు.

"పొరపాటున వేరే కాలు పట్టుకున్నట్టున్నాను" అనుకుని రెండో వెనక కాలు ఎత్తింది. నున్నగానే ఉంది. ముందు కాళ్లు రెండూ చూసింది. అవీ నున్నగానే ఉన్నాయి. ఇక మేకకు ఐదో కాలు లేదు కదా.

కెమెరా మేక ముఖం వంక మళ్లీ చూసింది.

అప్పుడు వెలిగింది బుర్ర. గిట్ట నొప్పి మొదలైన దగ్గర నుంచి హడావిడి గంతులు మానేసి గోడవారగా పడుకోవడం మొదలుపెట్టింది. పొద్దున పడుకుని ఉన్నది హడావిడి! పక్కవాడు పడుకున్నాడు కదా, దాణా అంతా నాదే అనుకుని బకెట్ మీద పడింది నిమ్మళం. ఇప్పుడు బుద్ధిగా నెమరు వేస్తున్నది నిమ్మళం. ఒంట్లో మందున్న హడావిడి నిమ్మళం నంబరు కట్టుకుని లారీ ఎక్కి వెళ్లిపోయింది.

గిన్నె అక్కడే వదిలేసి కెమెరా ఇంట్లోకి పరుగెత్తింది. అమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. చేతులు పిండిలో ఉన్నాయేమో, ఫోన్ గట్టు మీద పెట్టి స్పీకర్ ఆన్ చేసింది. అవతల మాట్లాడేది మాంసం ఫ్యాక్టరీలో మేకల షెడ్డు చూసుకునే ఆంటీ.

"మీ లోడు దిగిందండీ. అన్నీ స్కాన్ అయ్యాయి, ఒక్కటి తప్ప. నలభై ఒకటి. దారిలో ఎక్కడో ట్యాగు ఊడిపోయినట్టుంది. ట్యాగు లేనివాటిని మేం విడిగా ఒక గదిలో పెడతాం కదా, అక్కడుంది. నల్లది, నుదుటి మీద తెల్ల మచ్చ. మీదేనా?"

"ఆ, మాదే. అదే అయ్యుంటుంది" అంది అమ్మ, పిండి కలుపుతూ.

"అయితే నలభై ఒకటి మీద కొత్త ట్యాగు వేసేయమంటారా? రేపు పొద్దున మిగతావాటితో లోపలికి పంపేస్తాం."

కెమెరా గుమ్మంలో తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. కుట్టినట్టు తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం పెగలడం లేదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు! కొత్త ట్యాగు వేస్తారు. హడావిడి నిజంగానే నిమ్మళం అయిపోతుంది. తను చేసిన తప్పు ఈ లోకంలో ఎవరికీ తెలియదు. కెమెరా పేరు కెమెరాగానే ఉంటుంది.

కానీ, అప్పుడే పిలక గుర్తొచ్చింది. పిలక అంటే బడిలో కెమెరా పక్క బెంచీ పిల్ల. నెత్తి మీద ఎప్పుడూ ఒక పిలక నిక్కబొడుచుకుని ఉంటుంది. పోయినేడు జ్వరానికి ఏదో మందు వేస్తే పిలకకు పడలేదు. ముఖం బెలూన్‌లా ఉబ్బిపోయి, కళ్లు మూసుకుపోయి, ఆస్పత్రిలో పడుకుంది. కెమెరా చూడటానికి వెళ్లి, ఆ ముఖాన్ని గుర్తుపట్టలేకపోయింది. వాళ్ల ఇంట్లో ఆదివారమొస్తే కొట్టు నుంచి మేక మాంసం ప్యాకెట్ తెచ్చుకుంటారు.

"అమ్మా, వద్దను!" అరిచింది కెమెరా. "వద్దని చెప్పు! అది నలభై ఒకటి కాదు! నలభై రెండు!"

అమ్మ చేతులు పిండిలో ఆగిపోయాయి. "ఏంటే?"

"అది హడావిడి! గిట్టలో మేకు దిగినది! పొద్దున కత్తెర రెండింటి ట్యాగులూ కొరికేసింది. నేనే కట్టాను. పురికొసతో కట్టాను. నాకు ముఖాలు తెలుసు కదా అని కట్టాను. తారుమారయ్యాయి." అంతా ఒక్క గుక్కలో చెప్పేసి, కెమెరా వెక్కివెక్కి ఏడ్చింది.

ఫోన్లోంచి ఆంటీ గొంతు వచ్చింది. "హలో? లైన్లో ఉన్నారా?"

అమ్మ తేరుకుని ఫోన్ మీదకు వంగింది. "ఉన్నానండీ. ట్యాగు వేయకండి. ఇందాక నేనన్నది లెక్కలోకి తీసుకోకండి. అది మందు వేసిన మేకని మా అమ్మాయి చెబుతోంది."

"అమ్మో! అయితే అసలు ముట్టుకోం. ఆ గదిలో ఇంకా వేరేవాళ్లవీ ఉన్నాయి. మీరొచ్చి మీదేదో చూపించండి. మీరొచ్చేదాకా ఒక్కటి కూడా అక్కణ్ణుంచి కదలదు."

ఫోన్ పెట్టేశాక అమ్మ చేతులు కడుక్కుంది. గదిలోంచి నాయనమ్మ వచ్చింది. సంగతి విని, "పొద్దునే ఒక్క మాట చెప్పుంటే పోయేది కదే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!" అంది.

"ఇంకా పూర్తిగా కాల్లేదులెండి అత్తయ్యా" అంది అమ్మ, దాణా మూటలు తెచ్చే వ్యాన్ తాళాలు వెతుక్కుంటూ. "కెమెరా, నీ మీద కోపం తర్వాత పడతాను. ఇప్పుడు టైం లేదు. బండెక్కు."

వ్యాన్ రోడ్డెక్కాక కూడా కెమెరా ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. కాసేపటికి మెల్లగా అంది.

"నాకు అన్ని ముఖాలూ తెలుసనుకున్నానమ్మా."

"తెలుసు. చాలావరకు నీకు నిజంగానే తెలుసు. నాకంటే బాగా తెలుసు" అంది అమ్మ. "కానీ కొట్లో ప్యాకెట్ కొనుక్కునే ఆవిడకి మేక ముఖం ఎక్కడ కనపడుతుందే? ఆవిడకి కనపడేది నంబరొక్కటే. ఆ నంబరు వేసినవాళ్లు ఒట్టి అనుకోవడంతో వేశారా, చూసి వేశారా అన్నది ఆవిడకి తెలియదు. నమ్మి కొనుక్కుంటుందంతే."

ఎర్ర లైటు దగ్గర వ్యాన్ ఆగింది.

"నేనూ చూడకుండానే 'అదే అయ్యుంటుంది' అనేశాను కదా" అంది అమ్మ ఉన్నట్టుండి. "నువ్వు అరవకపోతే నేనే ఆ మాట ఖాయం చేసేదాన్ని. కోపంలో సగం నా మీద కూడా పడాల్సొస్తుంది."

ఆ మాటకు ఏడుపులోంచి కెమెరాకు నవ్వొచ్చింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వ్యాన్ టైర్లకు మందు నీళ్లు కొట్టారు. షెడ్డు గుమ్మంలో ఆంటీ ఎదురొచ్చింది. మోకాళ్లదాకా తెల్ల రబ్బరు బూట్లు, తల మీద నెట్ టోపీ. లోపలికి ఎవరు రావాలన్నా అలాంటి బూట్లే వేసుకోవాలట. కెమెరా సైజువి లేవు. ఉన్నవాటిలో చిన్నవి ఇచ్చారు. వాటిలో కెమెరా కాలు పెట్టి ముందుకు కదిలితే బూటు మాత్రం అక్కడే ఉండిపోయింది. రెండు చేతులతో బూట్లను పైకి పట్టుకుని, బాతులా నడుచుకుంటూ వెళ్లింది.

ట్యాగు లేని మేకల గది శుభ్రంగా, వెలుతురుగా ఉంది. నీళ్ల తొట్టి, గడ్డి అన్నీ ఉన్నాయి. లోపల కొన్ని మేకలు. ఒకటి గోధుమ రంగుది. ఒకటి తెల్లది, చెవి చిరిగింది. వాటితో పాటు రెండు నల్లవి. రెండింటికీ నుదుటి మీద తెల్ల మచ్చే!

"మీదొక్కటే అలాంటిదనుకున్నా. ఇందాక ఇంకో లోడులో ఇంకోటొచ్చింది" అంది ఆంటీ. "మీదేదో చెబితే విడిగా తీసి, దాని నంబరు మీద కొత్త ట్యాగు వేసి, బండి ఎక్కించేస్తా. దాన్ని తీసుకెళ్లిపోవచ్చు."

"మా పిల్ల చెబుతుంది లెండి. దాన్ని ఇంట్లో కెమెరా అంటారు" అంది అమ్మ.

నల్ల మేకల్లో ఒకటి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దాని వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. ఇంకోటి నిలబడి ఉంది. కెమెరాను చూడగానే అది గబగబా ముందుకొచ్చింది. చెయ్యి వాసన చూసింది. గౌను చివర నోట్లో పెట్టుకుంది. ఒక్కచోట నిలవకుండా కాళ్లు ఆడిస్తోంది. కళ్లు, చెవులు, మచ్చ, అంతా హడావిడి పోలికే.

"ఇదేనా?" ఆంటీ ట్యాగు వేసే కటింగ్ ప్లయర్ లాంటిది చేతిలోకి తీసుకుంది.

"నాకు ఇదే అనిపిస్తోంది" అంది కెమెరా. అమ్మ ముఖం తేలికపడింది. ఆంటీ మేక చెవి పట్టుకుంది.

"కానీ ఆగండాంటీ!" కెమెరా గబుక్కున ఆంటీ చెయ్యి పట్టుకుంది. "అనిపించింది అంతే. పొద్దున కూడా నాకు ఇలాగే అనిపించింది. వెనక కాలి గిట్ట ఎత్తి చూడండి. మేకు దిగిన గాటుండాలి."

ఆంటీ అమ్మ వంక చూసి నవ్వింది. "సరే, చూద్దాం."

మేక ఒప్పుకోలేదు. అమ్మ మెడ పట్టుకుంది, ఆంటీ నడుం పట్టుకుంది. కెమెరా ఆ పెద్ద బూట్లతోనే కూలబడి గిట్ట ఎత్తింది. నీళ్లు పోసి తుడిచింది.

నున్నగా ఉంది!

తాను ముఖం చూసి 'ఇదే' అని గట్టిగా చెప్పి ఉంటే ఏమయ్యేదో కెమెరా తలుచుకుంది. ఎవరిదో మేకను ఇంటికి తోలుకెళ్లేవాళ్లు. హడావిడి ఇక్కడే ఉండిపోయేది.

"ఇప్పుడు ఆ పడుకున్నదాన్ని చూద్దాం" అంది కెమెరా.

గోడవైపు తిరిగి పడుకున్న మేకను లేపడం అంత తేలిక కాలేదు. లేచింది. విసుగ్గా ఇటు తిరిగింది. కాలు పట్టుకోగానే మాత్రం ఫట్‌మని ఒక్క తాపు తన్నింది. బూటు ఎగిరి తొట్టిలో పడింది. కెమెరా రెండో బూటుతోనే నిలబడి ఆ కాలు మళ్లీ పట్టుకుంది. తుడిచింది. గిట్ట మధ్య నల్లగా, ఇంకా పూర్తిగా పూడని గాటు కనిపించింది.

"హడావిడీ!" కెమెరా దాని మెడ చుట్టూ చేతులు వేసింది. సంతోషంతో కళ్ల వెంట నీళ్లు కారాయి. హడావిడికి అదేమీ పట్టలేదు. మెడ విదిలించుకుని గౌను మీద పడ్డ గడ్డిపరక తీసుకుని నమిలింది.

అమ్మ ఫోన్ తీసి డాక్టరమ్మకు గాటు ఫొటో పంపింది. డాక్టరమ్మ వెంటనే మాట్లాడింది. "అదే. నేను మేకు తీసిన చోటే. నలభై రెండు. ఇంటికి తీసుకెళ్లిపోండి" అంది. అప్పుడు ఆంటీ నలభై రెండు మీద కొత్త ట్యాగు వేసింది. కటక్! 'మ్మే' అని హడావిడి పెద్ద కేక పెట్టింది. ఆంటీ స్కానర్ దగ్గర పెట్టింది. బీప్.

"ఒకసారి నంబరు చదువమ్మా" అంది ఆంటీ.

కెమెరా చదివింది. తర్వాత అమ్మ చేత కూడా చదివించింది.

హడావిడి మెడకు తాడు కట్టి వ్యాన్ వైపు నడిపిస్తుండగా కెమెరా టక్కున ఆగిపోయింది.

"అమ్మా! ఇంట్లో ఉన్న నిమ్మళానికి నేను కట్టిన నలభై రెండు ఇంకా అలాగే ఉంది!"

"అవును కదూ!" అమ్మ నాలుక కరుచుకుంది. "మనం వెళ్లేసరికి కత్తెర అది కూడా నమిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది."

"ఫోన్ ఇలా ఇయ్యి" అంది కెమెరా.

ఇంటికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక నాయనమ్మ తీసింది. వెనక టీవీలో సీరియల్ మాటలు వినపడుతున్నాయి.

"హడావిడి దొరికిందా?" అంది నాయనమ్మ.

"దొరికింది. నాయనమ్మా, నువ్వో పని చెయ్యాలి. నిమ్మళాన్ని కత్తెరకి దూరంగా విడిగా కట్టెయ్యి. మేమొచ్చేదాకా దాని చెవి ఎవరూ ముట్టుకోకూడదు."

"అంతేనా? కిటికీలోంచి కనపడుతోందిలే. తలుపు దగ్గరే ఉంది. నల్లగా, మచ్చతో. అదే అయ్యుంటుంది. ఈ సీరియల్ అవనీ, కట్టేస్తా."

తమ దొడ్డిలో నల్లవి ఒకటా రెండా!

"అయ్యుంటుంది కాదు నాయనమ్మా" అంది కెమెరా. "దగ్గరికెళ్లి చెవి వెనక చూడు. పురికొస ముడి ఉండాలి. ముడి ఉంటేనే అది."

"ఇప్పుడా? ఇక్కడ ఆ కోడలు ఇంట్లోంచి వెళ్లిపోతోందే!"

"అది రోజూ వెళుతూనే ఉంటుంది, రేపు కూడా వెళుతుంది. నువ్వు వెళ్లి చూడు నాయనమ్మా. నేను ఫోన్ పెట్టను."

"ఆరిపిడుగా! పట్టిన పట్టు వదలవు కదా" అని నాయనమ్మ గొణుక్కుంది. టీవీ గొంతు ఆగిపోయింది. చెప్పుల చప్పుడు. తలుపు కిర్రుమంది. దూరంగా ఏదో మేక అరిచింది.

ఒక కాలికి బూటు, ఒక కాలికి తడి సాక్సు, చేతిలో హడావిడి తాడు. కెమెరా ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, నాయనమ్మ చూసి చెప్పేదాకా అలాగే నిలబడింది.